లక్ష్మణ్ సగటులో దాగిన ఇంటర్వ్యూ ప్రశ్న

గచ్చిబౌలి హాస్టళ్లలో రాత్రి పదకొండు దాటాక రెండు రకాల చర్చలు నడుస్తుంటాయి. ఒకటి.. ఏ కంపెనీలో ఓపెనింగ్స్ ఉన్నాయి, రిఫరల్ ఎవరిస్తారు అని. రెండోది క్రికెట్. మొదటి చర్చలో అందరూ కాస్త తగ్గి మాట్లాడతారు. రెండోదానికొచ్చేసరికి ప్రతి ఒక్కరూ సెలెక్టరే. 'లక్ష్మణ్ అంటే ఆస్ట్రేలియాకి హడల్', 'రాయుడిని 2019 ప్రపంచకప్‌కి తీసుకెళ్లాల్సింది', 'సిరాజ్‌కి విదేశీ పిచ్‌లే కలిసొస్తాయి'.. గొంతు పెద్దగా ఉన్నవాడిదే గెలుపు. ఆ గదిలో ఎవరో ఒకరు ఫోన్ తీసి, గణాంకాల పట్టిక తెరిచి, 'ఆగరా, చూద్దాం' అన్నారనుకోండి. ఈ కథనం ఆ ఒక్కరి కోసం. ఆ ఒక్కరు మీరైతే, మీకు తెలియకుండానే డేటా అనలిస్ట్ పని మొదలుపెట్టేశారు. జీతం ఒక్కటే తక్కువ.

ఆ పట్టిక పేరు స్టాట్స్‌గురు. ఈఎస్‌పీఎన్ క్రిక్‌ఇన్ఫోలో ఓ మూలన ఉంటుంది. చూడ్డానికి ఏమంత అందంగా ఉండదు. ఓ పాత ప్రభుత్వ దరఖాస్తు ఫారంలా వరసగా గడులు, ఎంపికలు. ఏ ఫార్మాట్, ఎవరిమీద, సొంతగడ్డా విదేశమా, ఏ మైదానం, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, గెలిచిన మ్యాచ్‌లా ఓడినవా, బ్యాటింగ్‌లో ఎన్నో స్థానం, ఎవరి కెప్టెన్సీలో.. ఇలా టిక్కులు పెట్టుకుంటూ పోయి బటన్ నొక్కితే జవాబు వస్తుంది. అరుపులుండవు, బ్రేకింగ్ న్యూస్ ఉండదు. తెల్లని పేజీ, అంకెల వరసలు. రుచి తగిలితే గంటలు గడిచిపోతాయి. హైదరాబాదీ అజహరుద్దీన్ తొలి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టాడని విన్నాం కదా, అలా ఇంకెవరైనా చేశారా అని చూద్దామని వెళ్తారు. తిరిగొచ్చేసరికి సీకే నాయుడు దగ్గర తేలతారు.

ఫారం వెనక ఎస్‌క్యూఎల్

ఈ ఫారాన్ని ఇంకోసారి జాగ్రత్తగా చూడండి. 'ప్రత్యర్థి ఆస్ట్రేలియా' అని టిక్ పెట్టడమంటే ఎస్‌క్యూఎల్‌లో 'వేర్' రాయడమే. 'సంవత్సరం వారీగా చూపించు' అంటే 'గ్రూప్ బై'. 'కనీసం 20 ఇన్నింగ్స్ ఆడినవాళ్లే కావాలి' అంటే 'హావింగ్'. 'సగటు ఎక్కువున్నవాళ్లు పైన' అంటే 'ఆర్డర్ బై'. కోచింగ్ సెంటర్‌లో ఎంప్లాయీ టేబుల్, డిపార్ట్‌మెంట్ టేబుల్ అంటూ వారం రోజులు చెప్పినా బుర్రకెక్కని 'వేర్'కీ 'హావింగ్'కీ మధ్య తేడా ఇక్కడ పది నిమిషాల్లో ఎక్కుతుంది. ఒక్కో మ్యాచ్ వరసను ముందే వడపోసేది 'వేర్'. గుంపులు కట్టాక, గుంపు మొత్తాన్ని చూసి ఉంచాలా తీసేయాలా అని తేల్చేది 'హావింగ్'. ఆస్ట్రేలియా మీద ఆడిన మ్యాచ్‌లే తీసుకోవడం మొదటిది. అలా తీసుకున్నాక ఇరవై ఇన్నింగ్స్ దాటని ఆటగాళ్లను పక్కనపెట్టడం రెండోది. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న తరచూ ఎదురయ్యేదే. ఎంప్లాయీ శాలరీ ఉదాహరణ బదులు ఈ ఉదాహరణ చెప్పి చూడండి. ఎదుటివారి మొహంలో కాస్త వెలుగొస్తుంది. వాళ్లూ క్రికెట్ చూసేవాళ్లే కదా!

లక్ష్మణ్ కథలో మెలిక

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 'లక్ష్మణ్ అంటే ఆస్ట్రేలియాకి హడల్'.. ఇది నిజమేనా? మనందరికీ తెలిసిన నిజం కాబట్టే పరీక్షించి చూడాలి.

వీవీఎస్ లక్ష్మణ్ 134 టెస్టులు ఆడాడు. 225 ఇన్నింగ్స్‌లో 34 సార్లు నాటౌట్. చేసిన పరుగులు 8,781. సగటు 45.97. అందులో ఆస్ట్రేలియా మీద 29 టెస్టులు, 54 ఇన్నింగ్స్, 5 నాటౌట్లు, 2,434 పరుగులు. సగటు 49.67. మొత్తం 17 సెంచరీల్లో ఆరు వాళ్ల మీదే. అంటే ఆడిన మ్యాచ్‌ల్లో ఐదో వంతుకు కాస్త ఎక్కువ, సెంచరీల్లో మాత్రం మూడో వంతుకు పైనే. 'చూశారా, చెప్పలేదూ' అని ఇక్కడే లేచిపోయేవాళ్లు చాలామంది.

మీరు కూర్చోండి. 49.67ని 45.97తో పోల్చడంలో చిన్న తిరకాసుంది. 45.97లో ఆస్ట్రేలియా మీద కొట్టిన పరుగులూ కలిసే ఉన్నాయి. పోల్చాల్సింది ఆస్ట్రేలియా మీద ఒకవైపు, మిగతా అన్ని జట్ల మీద ఇంకోవైపు. 8,781లోంచి 2,434 తీసేస్తే 6,347. ఔటైన సార్లు మొత్తం 191, అందులో ఆస్ట్రేలియా మీద 49, మిగిలినవి 142. 6,347ని 142తో భాగిస్తే 44.70. తేడా ఇప్పుడు ఐదు పరుగులకు పెరిగింది. హాస్టల్ వాదన ఇంకా బలపడింది.

మరో అడుగు వేద్దాం. 2001 మార్చి, ఈడెన్ గార్డెన్స్. ఆస్ట్రేలియా 445, మనం 171కే ఆలౌట్, ఫాలోఆన్. తొలి ఇన్నింగ్స్‌లో 59 కొట్టిన లక్ష్మణ్‌ను రెండో ఇన్నింగ్స్‌లో మూడో స్థానంలో పంపారు. ద్రవిడ్‌తో కలిసి 376 పరుగుల భాగస్వామ్యం, తన స్కోరు 281. మ్యాచ్ మనం 171 పరుగులతో గెలిచాం. ఈ కథ మీకు కొత్తేం కాదు. కొత్త ప్రశ్న ఇది: ఈ ఒక్క మ్యాచ్ పక్కనపెడితే ఆస్ట్రేలియా మీద లక్ష్మణ్ సగటు ఎంత?

రెండు ఇన్నింగ్స్ కలిపి 340 పరుగులు, రెండుసార్లూ ఔటే. 2,434లోంచి 340 పోతే 2,094. ఔట్లు 47. సగటు 44.55. మిగతా జట్ల మీద ఎంతుంది? 44.70. దాదాపు ఒకటే! అంటే ఐదు పరుగుల తేడా మొత్తం కోల్‌కతాలోని ఆ ఒక్క మ్యాచ్ తెచ్చిపెట్టిందే.

అయితే హడల్ అన్నది అబద్ధమా? తొందరపడకండి. డేటా చదివేవాళ్ల అసలు పని ఇక్కడే మొదలవుతుంది. ఒకటి, ఆ ఒక్క మ్యాచ్‌ను తీసేసే హక్కు మనకు ఎవరిచ్చారు? అది పొరపాటున నమోదైన అంకె కాదు. రెండు రోజుల్లో సిరీస్ గతి మార్చిన ఇన్నింగ్స్. రెండు, ఆ రోజుల్లో మెక్‌గ్రాత్, వార్న్, గిలెస్పీలున్న జట్టు మీద మిగతా బ్యాటర్ల సగటు ఎంత పడిపోయేది? అందరిదీ పడిపోతుంటే లక్ష్మణ్‌ది పడకుండా నిలబడటమే గొప్ప కావచ్చు. అది తేల్చాలంటే అదే కాలంలో ఆస్ట్రేలియా మీద ఆడిన మిగతా బ్యాటర్లందరినీ బయటికి లాగాలి. లాగి చూడండి. స్టాట్స్‌గురులో అది రెండు నిమిషాల పని, ఆలోచించడానికి మాత్రం ఓ సాయంత్రం పడుతుంది. నన్నడిగితే ఆ మ్యాచ్‌ను తీయకూడదు. కానీ తీస్తే ఏమవుతుందో తెలిసి ఉండటం వేరు, తెలియకుండా వాదించడం వేరు.

ఇదే ప్రశ్న ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని ఏ బ్యాంకు టీమ్‌లోనైనా వేరే వేషంలో ఎదురవుతుంది. 'గత త్రైమాసికంలో దక్షిణాది అమ్మకాలు బాగా పెరిగాయి' అని స్లయిడ్ ఉంటుంది. ఆ పెరుగుదలంతా ఒకే ఒక్క పెద్ద ఆర్డర్ వల్ల వచ్చిందేమో ఎవరు చూశారు? 'అవుట్‌లయర్' అన్న మాట నిర్వచనంగా బట్టీ పట్టినవాళ్లు చాలామంది దొరుకుతారు. కోల్‌కతా టెస్టు తీసి, మళ్లీ పెట్టి చూసినవాళ్లు తక్కువ.

నాటౌట్లు, ఖాళీ గడులు

అంబటి రాయుడి వన్డే సగటు 47.05. చాలామంది పెద్ద పేర్ల పక్కన పెట్టదగ్గ అంకె. 55 మ్యాచ్‌లు, 50 ఇన్నింగ్స్, 1,694 పరుగులు. కానీ నాటౌట్లు 14. సగటంటే పరుగుల్ని ఇన్నింగ్స్‌తో కాకుండా ఔట్లతో భాగించడం. 1,694 బై 36. అదే ఇన్నింగ్స్‌తో భాగిస్తే 33.88. రెండూ నిజమే. ఏది వాడాలో మీ ప్రశ్నను బట్టి ఉంటుంది. 'ఔట్ చేయడం ఎంత కష్టం' అన్నది తెలియాలంటే మొదటిది, 'క్రీజులోకొస్తే సగటున ఎన్ని కొడతాడు' అంటే రెండోది. రాయుడిని తీసుకెళ్లాలన్నవాడు ఒక అంకె, వద్దన్నవాడు ఇంకో అంకె పట్టుకుని కొట్టుకుంటుంటే, మీరు మధ్యలో కూర్చుని 'ఒరేయ్, మీ ఇద్దరి డినామినేటర్లు వేరురా' అనొచ్చు. మిథాలీ రాజ్‌దీ చూడండి: 232 వన్డేలు, 211 ఇన్నింగ్స్, 57 నాటౌట్లు, 7,805 పరుగులు, సగటు 50.68. మహిళల వన్డేల్లో అన్నేసి పరుగులు ఇంకెవరికీ లేవు. ఆ 57 నాటౌట్లు ఎలాంటి మ్యాచ్‌ల్లో వచ్చాయో వెతకడం ఒక చక్కని ప్రాజెక్టు. ఛేదనలో ఎన్ని, ముందు బ్యాటింగ్ చేసినప్పుడు ఎన్ని?

ఇక ఖాళీ గడులు. 1932లో లార్డ్స్‌లో భారత్ తొలి టెస్టుకు కెప్టెన్ సీకే నాయుడు, తెలుగు మూలాలున్నవాడు. ఏడు టెస్టుల్లో 350 పరుగులు చేశాడు. ఆయన స్ట్రైక్ రేట్ ఎంత? ఆ కాలంలో ఎన్ని బంతులు ఎదుర్కొన్నారన్నది అన్ని మ్యాచ్‌లకీ రాసిపెట్టలేదు. అందుకే పాత ఆటగాళ్ల పట్టికల్లో ఆ గడి ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని కంప్యూటర్ సున్నాగా తీసుకుందనుకోండి, భారత తొలి కెప్టెన్ స్ట్రైక్ రేట్ సున్నా అని మీ చార్ట్ చెబుతుంది. 'నల్' వేరు, 'జీరో' వేరు అన్నది ఎన్ని స్లయిడ్లు చూసినా ఇంతకంటే బాగా అర్థం కాదేమో.

పక్కన కూర్చునే ప్రకటన

ఇంత పెద్ద ఖజానా ఉచితంగా ఎలా వస్తోంది? ఇంజినీరింగ్ చదివేవాళ్లు సాధారణంగా వేసుకోని ప్రశ్న ఇది. వేసుకుంటే ఇంకో ఉద్యోగాల తలుపు కనిపిస్తుంది.

క్రిక్‌ఇన్ఫో 1993లో మొదలైంది. అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో పనిచేసే సైమన్ కింగ్ అనే బ్రిటిష్ పరిశోధకుడు ప్రారంభించాడు. ఇంటికి దూరంగా, స్కోరు తెలియక గింజుకునే విద్యార్థులు ప్రపంచమంతటా ఉండేవాళ్లు, మనవాళ్లూ చాలామంది. వాళ్లే స్వచ్ఛందంగా స్కోరుకార్డులు టైపు చేసి పోగేశారు. డాట్‌కామ్ జోరులో దాని విలువ అమాంతం పెరిగింది. 2000లో హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్‌కు అనుబంధంగా ఉన్న సత్యం ఇన్ఫోవే, క్రిక్‌ఇన్ఫోలో 25 శాతం వాటాను 3.75 కోట్ల డాలర్ల విలువకు తీసుకుంది. అదే ఏడాది న్యూజిలాండ్‌లో జరిగిన మహిళల ప్రపంచకప్‌కు పేరే 'క్రిక్‌ఇన్ఫో మహిళల ప్రపంచకప్'. ఒక వెబ్‌సైట్ ప్రపంచకప్‌కు స్పాన్సరయిందన్నమాట! ఆ తర్వాత బుడగ పేలింది. 2003లో విజ్డెన్ చేతికి, 2007లో ఈఎస్‌పీఎన్ చేతికి వెళ్లింది. యజమానులు మారినా పట్టికలు నిలిచాయి.

నెట్‌లో బ్యానర్ ప్రకటనల చరిత్రా ఆ రోజులదే. 1994 అక్టోబరు 27న హాట్‌వైర్డ్ సైట్‌లో ఏటీ అండ్ టీ కంపెనీ ప్రకటన తొలి బ్యానర్లలో ఒకటిగా వచ్చింది. కొన్నాళ్లకే పాపప్‌లు దిగాయి. ఆ పాపప్ కోడ్ రాసినవాళ్లలో ఒకరైన ఈథన్ జుకర్‌మన్ 2014లో బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. పాపం, ఒక్కడే చెప్పాడు! మిగతావాళ్లు ఇంకా మన స్క్రీన్ల మీద దూకుతూనే ఉన్నారు. మూయడానికి గుర్తు దొరకని ప్రకటన, హఠాత్తుగా మోగే వీడియో, వేలు పెట్టేలోపు జారిపోయి ఇంకోచోట నొక్కించే బటన్.

మరోవైపు అమెరికాలో ఒక మంచి ఉదాహరణ ఉంది. షాన్ ఫోర్మన్ అనే గణిత అధ్యాపకుడు 2000లో బేస్‌బాల్ రిఫరెన్స్ అనే గణాంకాల సైట్ పెట్టాడు. అందులో చాలాకాలం ఒక ముచ్చటైన పద్ధతి నడిచింది. ఏ ఆటగాడి పేజీనైనా ఎవరైనా అభిమాని కొంత రుసుము కట్టి స్పాన్సర్ చేయొచ్చు. పేజీ పైన ఒకటి రెండు వాక్యాలు, ఓ లింకు.. అంతే ప్రకటన. మనూళ్లో గుడి ఫ్యాను రెక్కల మీద దాత పేరు రాయించినట్టు! ఫ్యాను తిరిగితే గాలొస్తుంది, ఆగితే పేరు కనిపిస్తుంది. ఎవరికీ అడ్డం లేదు.

గణాంకాల పేజీలో ప్రకటన నెమ్మదిగా పక్కన కూర్చోవడానికి వెనక మర్యాదతో పాటు లెక్క కూడా ఉంది. ఊహాజనిత అంకెలతో చూద్దాం. ఒక సైట్‌కి రోజుకు లక్ష పేజీ వ్యూలు. పేజీకి రెండు ప్రకటనలు. వెయ్యిసార్లు చూపిస్తే 50 రూపాయలు.. దీన్నే సీపీఎం అంటారు. రోజుకు పదివేల రూపాయలు. మేనేజర్ వచ్చి 'మూడో ప్రకటన పెడదాం, పట్టిక మధ్యలో' అంటాడు. మొదటి వారం పదిహేను వేలు వస్తాయి, ఆఫీసులో కేక్ కట్ చేస్తారు. పట్టిక చదవలేక విసిగిన పాఠకులు మెల్లగా జారుకుని పేజీ వ్యూలు అరవై వేలకు పడ్డాయనుకోండి, వచ్చేది తొమ్మిది వేలే. మొదటి వారం రిపోర్టు ఒకటి చెబుతుంది, ఆరో నెల రిపోర్టు ఇంకోటి.

ప్రొడక్ట్ అనలిస్ట్ ఇంటర్వ్యూల్లో అడిగే కేసు ప్రశ్న ఇలాగే ఉంటుంది. 'యాప్‌లో ఇంకో యాడ్ స్లాట్ పెడితే ఆదాయం పది శాతం పెరిగింది, పెట్టాలా వద్దా?' వెంటనే 'పెట్టాలి' అన్నారా, ఆ రౌండ్ అక్కడితో సరి. పాఠకులు మళ్లీ వస్తున్నారా, ఎంతసేపు ఉంటున్నారు, యాడ్ బ్లాకర్ పెట్టుకుంటున్నారా, ఏ/బీ టెస్టు ఎన్ని వారాలు నడిపారు అని మీరే ఎదురు అడగాలి. ఇలా ఆదాయంతో పాటు కాపాడుకోవాల్సిన కొలతల్ని పరిశ్రమలో గార్డ్‌రైల్ మెట్రిక్స్ అంటారు. పెద్ద కంపెనీలూ ఈ సంగతి గ్రహించాయి. 'కొయలిషన్ ఫర్ బెటర్ యాడ్స్' అనే బృందం ఏ ప్రకటనలు జనాన్ని చిరాకు పెడతాయో తేల్చి ప్రమాణాలు పెట్టింది. వాటిని మీరిన సైట్ల ప్రకటనల్ని 2018 ఫిబ్రవరి 15 నుంచి క్రోమ్ బ్రౌజర్ వడకట్టడం మొదలుపెట్టింది. మన దేశంలో 2023 నవంబరు 30న నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్‌ల మార్గదర్శకాల్లో 13 రకాల మాయల్ని గుర్తించారు. వార్తలా వేషం వేసుకొచ్చే ప్రకటన వాటిలో ఒకటి. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఆ తేదీ, ఆ సంఖ్య నోట్ చేసుకోండి.

యాడ్ ఆపరేషన్స్, క్యాంపెయిన్ అనలిస్ట్, యాడ్ పాలసీ రివ్యూ.. ఇలాంటి పోస్టులు ఈ ఐటీ కారిడార్‌లో కొత్తవేం కాదు. కోడింగ్ అంతగా పట్టుబడని బీకాం, బీబీఏ, బీఏ విద్యార్థులకూ వీటిలో దారి ఉంది. ఎక్సెల్ గట్టిగా రావాలి. ఇంప్రెషన్, క్లిక్, కన్వర్షన్ మధ్య తేడా నోటికి రావాలి.

పక్కనే ఉన్న ఇంకో తలుపు

ఒక మాట ఖరాఖండిగా చెప్పాలి. క్రికెట్ అంకెల మీద మీకున్న ఇష్టాన్ని కొనుక్కోవడానికి ఇంకొకరూ కాచుకుని ఉంటారు. 'నీకు ఇంత తెలుసు కదా, డబ్బు చేసుకోరాదూ' అంటారు. 2022లో కేంద్ర సమాచార ప్రసార శాఖ మీడియా సంస్థల్ని రెండుసార్లు హెచ్చరించింది.. బెట్టింగ్ కంపెనీలు వార్తా సైట్ల ముసుగులో ప్రకటనలిస్తున్నాయని. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో పందెం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా ఆన్‌లైన్ మనీ గేమ్‌లను నిషేధించింది. వాటికి ప్రచారం చేసినా రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉండొచ్చు. ఆ చట్టం రాగానే టీమిండియా జెర్సీ మీద డ్రీమ్11 పేరే పోయింది.

'ప్రిడిక్షన్ గ్రూపులో టిప్స్ రాస్తావా, మ్యాచ్‌కి ఇంతిస్తాం' అని టెలిగ్రామ్‌లో పార్ట్‌టైమ్ ఆఫర్ వస్తే అది డేటా ఉద్యోగం కాదు. అందులో మీ పేరు, మీ బ్యాంకు ఖాతా ఇరుక్కుంటాయి. పైగా 49.67, 44.55 కథ మీరిప్పుడే చూశారు. ఇరవై తొమ్మిది మ్యాచ్‌ల లెక్కనే ఒక్క మ్యాచ్ తిప్పేసింది. అలాంటిది రేపటి ఒక్క మ్యాచ్‌లో ఏమవుతుందో సగటు చూసి చెప్పగలనన్నవాడికి సగటంటే ఏంటో తెలియదు.

రెజ్యూమెలో ఏం రాయాలి?

ఐపీఎల్ డాష్‌బోర్డ్ వద్దు. చెయ్యొద్దని కాదు.. అదొక్కటే పెట్టుకుని వెళ్లొద్దు. ఒకే డేటా, అవే రంగులు, అదే 'అత్యధిక సిక్సర్లు కొట్టినవారు' చార్ట్. రెజ్యూమెలు చూసేవాళ్లకు అది కంఠతా వచ్చేసింది. మీ సొంత ప్రశ్న ఒకటి ఉండాలి. లక్ష్మణ్ మీద నేను వేసిందే మళ్లీ వేయకండి, సిరాజ్‌ను తీసుకోండి. 2023 ఆసియాకప్ ఫైనల్లో ఏడు ఓవర్లు వేసి 21 పరుగులకే 6 వికెట్లు, శ్రీలంక 50కి ఆలౌట్. 2025లో ఇంగ్లండ్‌లో ఐదు టెస్టులూ ఆడి 23 వికెట్లు, ఓవల్‌లో 6 పరుగుల తేడాతో గెలుపు. 'విదేశాల్లోనే బాగా వేస్తాడు' అన్న వాదన నిలుస్తుందా? ఇంట్లో ఎన్ని ఓవర్లు బంతి చేతికిచ్చారు, విదేశాల్లో ఎన్ని? స్పిన్ పిచ్‌ల మీద ఓ ఫాస్ట్ బౌలర్‌ను వికెట్ల సంఖ్యతో కొలవడం న్యాయమేనా? ప్రశ్న మారిన కొద్దీ ఏ కాలమ్ చూడాలో మారుతుంది.

డేటా ఎక్కణ్నుంచి తెచ్చారన్నది తప్పకుండా అడుగుతారు. స్టాట్స్‌గురు చదవడానికి, చూడ్డానికి బాగుంటుంది. దాన్ని ప్రోగ్రామ్ పెట్టి పేజీలకు పేజీలు లాగేయడానికి మాత్రం ముందు సైట్ షరతులు చూడాలి. 'స్క్రేప్ చేశానండీ' అని గర్వంగా చెబితే, 'అనుమతి ఉందా?' అన్న ప్రశ్న వెంటనే పడుతుంది. దానికి బదులు స్టీఫెన్ రష్ అనే ఆయన నడిపే క్రిక్‌షీట్ ఉంది. వేల మ్యాచ్‌ల బంతి బంతి వివరాలు జేసన్, సీఎస్‌వీ ఫైళ్లుగా ఉచితంగా దింపుకోవచ్చు. వాడుకునే షరతులు అక్కడే రాసుంటాయి, చదివి, మూలం పేరు మీ ప్రాజెక్టులో రాయండి. పాత మ్యాచ్‌లకు బంతి బంతి వివరం దొరకదు. ఆ లోటును దాచకుండా ఒక వాక్యంలో చెప్పేస్తే మీమీద నమ్మకం పెరుగుతుంది. ల్యాప్‌టాప్ పాతదైనా పర్వాలేదు. ఎస్‌క్యూలైట్, పైథాన్ డబ్బు పెట్టకుండా దొరికేవే. ఆఖరికి ఎక్సెల్‌లో పివట్ టేబుల్‌తో చేసినా, ప్రశ్న గట్టిదైతే చాలు.

నిజం చెప్పుకోవాలంటే, క్రీడా జట్లలో అనలిస్ట్ పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వీడియో అనలిస్టుగానో, రాష్ట్ర సంఘాల ద్వారా స్కోరర్ల పరీక్ష రాసో అటు వెళ్లేవాళ్లు ఉన్నారు, ఆసక్తి ఉంటే ప్రయత్నించండి. కానీ ఎక్కువమందికి ఉద్యోగం వచ్చేది బ్యాంకులో, బీమాలో, రిటైల్‌లో, ఫార్మాలో. అక్కడ లక్ష్మణ్ ఉండడు. డినామినేటర్ ఉంటుంది, ఖాళీ గడి ఉంటుంది, ఒకే ఒక్క పెద్ద ఆర్డర్ ఉంటుంది.

స్టేడియం పక్కనే ఉంటూ..

గచ్చిబౌలిలో ఉంటూ క్రికెట్ ఒక్కటే మాట్లాడితే బాగోదు. రాయదుర్గం మెట్రో దిగి షేర్ ఆటోలో వచ్చేవాళ్లు రోజూ దాటివెళ్లే ఇండోర్ స్టేడియంలోనే 2009 ఆగస్టులో ప్రపంచ బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్ జరిగింది, పురుషుల్లో లిన్ డాన్ గెలిచాడు. గోపీచంద్ అకాడమీ ఇక్కడిదే. సింధు ప్రపంచ చాంపియన్‌షిప్ పతకాలు ఐదు, వాటిలో 2019 బాసెల్ స్వర్ణం ఒకుహారా మీద 21-7, 21-7తో వచ్చింది. అయినా బ్యాడ్మింటన్‌లో క్రికెట్‌లా ఇష్టమొచ్చినట్టు వడపోసుకునే పట్టిక తేలిగ్గా చేతికందదు. ప్రపంచ సమాఖ్య సైట్‌లో ఆటగాళ్ల పేజీలు, మ్యాచ్ స్కోర్లు ఉంటాయి. మిగతాది మీరే కూర్చుకోవాలి. కొత్తగా ఏదైనా చేయాలనుకునేవాళ్లకు ఇదే మంచి చోటు. డేటా ఎవరో సిద్ధం చేసి ఇచ్చింది కాదు, నేనే కూర్చాను అని చెప్పడానికి వీలున్న ప్రాజెక్టు ఇది.

మచ్చుకు రెండు వరసలు నేనిస్తాను. 2017 ఆగస్టు, గ్లాస్గో, ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్. 110 నిమిషాలు. సింధు, ఒకుహారా చేతిలో 19-21, 22-20, 20-22తో ఓడింది. పాయింట్లు కూడండి: ఒకుహారా 63, సింధు 61. మూడు వారాలకు కొరియా ఓపెన్ ఫైనల్, మళ్లీ అదే జోడీ. ఈసారి సింధు 22-20, 11-21, 21-18తో గెలిచింది. ఇదీ కూడి చూడండి. సింధు 54, ఒకుహారా 59. ఐదు పాయింట్లు తక్కువ తెచ్చుకున్నమ్మాయి టైటిల్ పట్టుకెళ్లింది!

మూడు గేముల మ్యాచ్‌ల్లో తక్కువ పాయింట్లతో గెలవడం ఎంత తరచుగా జరుగుతుంది? పెద్ద టోర్నీ ఒకటి తీసుకుని, స్కోర్లన్నీ ఒక షీట్‌లోకి ఎక్కించండి. మొత్తం పాయింట్లకు రెండు కాలమ్‌లు, విజేతకు ఒకటి, తేడాకు ఇంకోటి. ఆ తేడా మైనస్‌లో ఉన్న వరసలన్నీ పైకి తెచ్చుకుని చూడండి.